ఘనం నుంచి కాగితం మీదకు: రాయగడ షెడ్డు పనిలో ఫ్రీక్యాడ్

క్యాడ్ సాఫ్ట్‌వేర్‌ను, అంటే కంప్యూటర్ మీద డ్రాయింగులు గీసే ప్రోగ్రాంను, మెచ్చుకునేవాళ్ళు సాధారణంగా తెర మీద మోడల్ ఎంత అందంగా తిరుగుతుందో చెబుతారు. నేను చూసేది వేరు. ఆ త్రీడీ మోడల్‌ను చదునైన కాగితం మీదకు దించడానికి అది ఎంత సాయపడుతుంది? దించిన కాగితం షెడ్డులో చాక్‌పీసు పట్టుకున్న మనిషికి ఎంత అక్కరకు వస్తుంది? నా తూకం అదే. ఆ తూకంలో ఫ్రీక్యాడ్ ఎక్కడ నిలబడిందో, ఎక్కడ తేలిపోయిందో ఇక్కడ రాస్తున్నాను.

నేను ఒడిశాలోని రాయగడలో ఫ్యాబ్రికేషన్ డ్రాయింగులు, అంటే ఇనుప ప్లేట్లు కోసి అతికే పనికి కావలసిన బొమ్మలు, గీస్తాను. జేకేపూర్ కాగితపు మిల్లు, తేరుబలి ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, కాశీపూర్ వైపు అల్యూమినా శుద్ధి కర్మాగారం ఉండడంతో ఈ చుట్టుపక్కల చిన్న చిన్న వెల్డింగ్ షెడ్లకు పనికి కొదవ లేదు. హాపర్లు (సరుకు పైనుంచి పోసి కిందకు దించే గరాటు తొట్లు), చూట్లు (సరుకు జారే వాలు దారులు), డక్టులు (గాలి గొట్టాలు), నడిచే ప్లాట్‌ఫారాలు, ఇనుప మెట్లు, చేతిపట్టు రెయిలింగులు నా దగ్గరకు వస్తుంటాయి. షెడ్డులో సగం మంది పార్వతీపురం, విజయనగరం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళు, మిగిలినవారు ఒడియా వాళ్ళు. అందరి మధ్య తిరిగేది ఒకే ఒక్క ఏ3 కాగితం. ఆ కాగితం తప్పయితే ప్లేటు తప్పుగా తెగుతుంది. తెగిన ప్లేటు మళ్ళీ అతకదు, అతికినా మిల్లు ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు.

చాలాకాలం ఆటోక్యాడ్ మీద పనిచేశాను. ఇప్పుడు నా రోజువారీ పని ఫ్రీక్యాడ్ 1.0 మీద నడుస్తోంది. 2024 నవంబరులో విడుదలైన రూపం అది. ఉచితం, ఓపెన్ సోర్స్. అయితే ఉచితం కదా అని దీనికి మారలేదు. మారింది టెక్‌డ్రా కోసం. ఫ్రీక్యాడ్‌లో ఒక్కో రకం పనికి ఒక్కో వర్క్‌బెంచ్ ఉంటుంది. ఘనాలు కట్టడానికి పార్ట్, పార్ట్ డిజైన్ ఉన్నాయి. కట్టినదాన్ని షీటు మీదకు తేవడానికి టెక్‌డ్రా ఉంది. ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే.

ముందుగా ఒక మాట. త్రీడీలో పనిచేస్తూ "టాప్ వ్యూ" నొక్కగానే టూడీలోకి వచ్చేశామని కొత్తగా నేర్చుకునే పిల్లలు అనుకుంటారు. రాలేదు. కెమెరా ఒక్కటే పైకి వెళ్ళింది, గీతలన్నీ ఇంకా గాలిలోనే ఉన్నాయి. ఆటోక్యాడ్‌లో కింద కుడివైపు పళ్ళచక్రం గుర్తు నొక్కి త్రీడీ మోడలింగ్ నుంచి డ్రాఫ్టింగ్ వర్క్‌స్పేస్‌కు మారవచ్చు, విజువల్ స్టైల్‌ను టూడీ వైర్‌ఫ్రేమ్‌కు తేవచ్చు, యూసీఎస్‌ను (కొలిచే అక్షాలను) వరల్డ్‌కు పెట్టి, పైనుంచి చూపించే ప్లాన్ ఆదేశం ఇవ్వవచ్చు. ఇవన్నీ చేసినా పనిముట్లు, చూసే కోణం, కొలిచే అక్షాలు మారతాయి తప్ప ఫైలులోని జడ్ విలువలు, అంటే ఎత్తులు, అలాగే ఉంటాయి. ప్లాన్‌లో, అంటే పైనుంచి చూసిన బొమ్మలో, 400 మిల్లీమీటర్ల దూరంలో కనిపించే రెండు బిందువుల మధ్య ఎత్తులో 300 తేడా ఉంటే, దూరం కొలిచే డిస్ట్ ఆదేశం 500 అని చూపిస్తుంది. కంటికి 400, లెక్కకు 500. ఆ 500ను ఎవరైనా షీటు మీద రాస్తే షెడ్డులో ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

అలాంటి ఫైళ్ళు బయటినుంచి వస్తూనే ఉంటాయి. మూలను గుండ్రంగా కలిపే ఫిల్లెట్ కలవదు, లోపలి భాగాన్ని గీతలతో నింపే హాచ్ పట్టదు, చూస్తే రెండు గీతలూ వేర్వేరు ఎత్తుల్లో ఉంటాయి. ఆటోక్యాడ్ ఎక్స్‌ప్రెస్ టూల్స్‌లో ఉండే ఫ్లాటెన్ ఆదేశం వాటిని ఒకే తలం మీదకు తెస్తుంది. ఓస్నాప్‌జడ్ అనే వేరియబుల్‌ను 1కి పెడితే స్నాప్ (గీతల కొసలను పట్టుకునే సాయం) పట్టిన ప్రతి బిందువూ అప్పుడున్న తలం మీదే పడుతుంది, కొత్త గీతలు గాలిలోకి పోవు. ఆటోక్యాడ్‌లో ఉన్నంతకాలం ఈ రెండూ ప్రతి డ్రాఫ్టరు చేతిలో ఉండాలి.

ఇక అసలు కథ. మా షెడ్డులో మార్కింగ్ చేసే పెద్దాయనను బాబాయి అంటాను. నేను రంగుల్లో షేడింగ్ చేసిన త్రీడీ బొమ్మను ఫోనులో చూపిస్తే ఆయన అన్న మాట ఇది: "అమ్మా, బొమ్మ బాగుంది. నేను ప్లేటు మీద గీత ఎక్కడ పెట్టాలో అది చెప్పడం లేదు." ఆయన అడిగింది మూడే ముక్కలు. ప్లేటు ఆకారం చదునుగా ఎలా ఉంటుంది, దాని అంచులు ఎంతెంత, ఏ అంచు దేనితో కలుస్తుంది. ఏ క్యాడ్ సాఫ్ట్‌వేర్‌కైనా ఇదే పరీక్ష.

ఒక చదరపు హాపర్ తీసుకుందాం. పైన మూతి 1200 బై 1200, కింద మూతి 300 బై 300, ఎత్తు 900, అన్నీ లోపలి కొలతలు, 6 మిల్లీమీటర్ల ప్లేటు. దీన్ని ముందు నుంచి చూస్తే పక్క గీత 1006.2 వస్తుంది: 900 నిలువు, 450 అడ్డం. ఎలివేషన్‌లో, అంటే ఈ ముందు బొమ్మలో, మూల అంచు కూడా సరిగ్గా ఆ గీత మీదే పడుతుంది కాబట్టి, మూల అంచు పొడవు కూడా 1006.2 అని చూసేవాళ్ళకు అనిపిస్తుంది. కానీ మూల అంచు రెండు దిక్కులా 450 చొప్పున లోపలికి వాలుతుంది. దాని నిజమైన పొడవు 1102.3. తేడా 96 మిల్లీమీటర్లు, దాదాపు నాలుగు అంగుళాలు. ఎలివేషన్‌లో కనబడిన 1006.2 నిజానికి వాలు ముఖం మధ్య ఎత్తు. పాతకాలం డ్రాఫ్ట్స్‌మెన్ ఇందుకే ట్రూ లెంగ్త్ తీసే పద్ధతి నేర్చుకునేవారు. అంచును ఊహలోనే తిప్పి, కాగితానికి సమాంతరంగా తెచ్చి, అప్పుడు కొలిచేవారు.

ఈ పనిని టెక్‌డ్రా చేసే తీరు నాకు ఎంతో నచ్చింది. మోడల్‌లో వాలుగా ఉన్న ముఖాన్ని ఎంచుకుని, కొత్త వ్యూ చొప్పిస్తే, ఆ ముఖానికి సూటిగా ఎదురుగా నిలబడి చూసినట్టు వ్యూ వస్తుంది. అంటే హాపర్ పక్క ప్లేటు దాని నిజమైన ఆకారంలో, పైన 1200, కింద 300, మధ్య ఎత్తు 1006.2, పక్క అంచులు 1102.3 ఉన్న ట్రెపీజియంగా షీటు మీద పడుతుంది. బాబాయికి కావలసింది అదే. ముందు వైపు ఎలివేషన్, కింద ప్లాన్, పక్కన "ఇలాంటివి 4" అని రాసిన ఈ ఒక్క ప్లేటు, అంతే. షీటు పూర్తయింది.

కొలతల విషయంలోనూ టెక్‌డ్రాలో ఒక మంచి జాగ్రత్త ఉంది. ప్రతి కొలతకూ అది కాగితం మీది నీడను కొలుస్తోందా, మోడల్‌లోని అసలు అంచును కొలుస్తోందా అన్న లక్షణం ఉంటుంది. మొదటిది ప్రొజెక్టెడ్, రెండోది ట్రూ. ఎలివేషన్‌లో మూల గీతను నొక్కి కొలత పెడితే నీడ పొడవు వస్తుంది. మోడల్‌లోని అంచును జతచేసి ట్రూ కొలత పెడితే 1102.3 వస్తుంది. ఈ రెండు మాటల తేడా తెలియకుండా టెక్‌డ్రాలో ఎవరూ ఫ్యాబ్రికేషన్ షీటు గీయకూడదని నా గట్టి అభిప్రాయం. నేను మాత్రం నా షీట్లలో వాలు అంచుల కొలతలను ఎలివేషన్ మీద పెట్టనే పెట్టను. ఎలివేషన్‌లో నిలువు, అడ్డం కొలతలే ఉంటాయి. వాలు కొలత ప్లేటు చదును బొమ్మ మీదే ఉంటుంది. కొలిచి చూసేవాడికి అక్కడ కాగితమూ, అంకెలూ ఒకే మాట చెబుతాయి.

ప్రొజెక్షన్ గ్రూప్ గురించి తప్పక చెప్పాలి. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ చెప్పే పద్ధతి ఫస్ట్ యాంగిల్. అందులో ప్లాన్ ఎలివేషన్‌కు కిందకు వస్తుంది, ఎడమ వైపు నుంచి చూసిన బొమ్మ కుడివైపు పడుతుంది. అమెరికా, జపాన్ యంత్రాల డ్రాయింగుల్లో థర్డ్ యాంగిల్ ఉంటుంది, అక్కడ ప్లాన్ పైన కూర్చుంటుంది. మిల్లుల్లో రెండు రకాల కాగితాలూ దొరుకుతాయి. టెక్‌డ్రాలో ప్రొజెక్షన్ గ్రూప్ పెట్టి, ముందు వైపు ఏదో చెప్పి, కావలసిన వ్యూలకు టిక్కులు పెడితే అవి వాటి స్థానాల్లో వరసగా కూర్చుంటాయి. ఫస్ట్, థర్డ్ అన్నది ఒక్క లక్షణం మారిస్తే సరిపోతుంది. నాజిల్ (పైపు మూతి) ఏ పక్కకు ఉందన్న ప్రశ్న మీద చూట్ మొత్తం అద్దంలో బొమ్మలా తిరగబడే ప్రమాదం ఉన్న పని మాది. అందుకని ఫస్ట్ యాంగిల్ గుర్తును, ఆ కోసిన శంకువు బొమ్మను, ప్రతి షీటులో టైటిల్ బ్లాక్ (షీటు వివరాల పెట్టె) పక్కన పెద్దదిగా పెడతాను.

ఆటోక్యాడ్‌తో పోల్చకుండా ఈ మాట పూర్తి కాదు. ఆటోక్యాడ్ పూర్తి రూపంలో ఘనాన్ని టూడీగా మార్చడానికి ఫ్లాట్‌షాట్ అనే ఆదేశం ఉంది. అది అప్పటి చూపులోని ఘనాలన్నింటినీ చదును చేసి ఒక బ్లాక్‌గా ఇస్తుంది. కనబడే గీతలకూ చాటున ఉన్న గీతలకూ వేర్వేరు రంగు, గీత రకం పెట్టుకోవచ్చు. వేగంగా పని అవుతుంది, గీతలు శుభ్రంగా వస్తాయి, పైన చేత్తో ఇంకేమైనా గీసుకోవచ్చు. కానీ ఆ బ్లాక్‌కు మోడల్‌తో సంబంధం తెగిపోతుంది. ఫ్లాంజి (బోల్టులతో బిగించే అంచు పట్టీ) రంధ్రాలు 8 కాదు 12 అని మిల్లు వాళ్ళు చెబితే మోడల్ మార్చి మళ్ళీ ఫ్లాట్‌షాట్ తీయాలి, కొలతలు మళ్ళీ పెట్టుకోవాలి. తర్వాత వచ్చిన వ్యూబేస్ ఆదేశం ఈ లోటు తీర్చింది. లేఅవుట్‌లో (ప్రింటు షీటులో) మోడల్‌తో ముడిపడిన వ్యూలు అదే ఇస్తుంది. కాబట్టి ఆటోక్యాడ్‌కు ఇది చేతకాదు అనడం అన్యాయం. డబ్బు పెట్టగలిగి, అది ఇప్పటికే నడుస్తున్న ఆఫీసు మారవలసిన అవసరం లేదు. ఆటోక్యాడ్ ఎల్‌టీ అనే చిన్న రూపం కొన్నవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: అందులో ఘనాల మోడలింగ్ లేదు.

ఫ్రీక్యాడ్‌లో మోడల్ మారితే షీటు దానంతట అదే మారుతుంది. పేజీకి ఉన్న కీప్ అప్‌డేటెడ్ లక్షణాన్ని ఆపేస్తే మనం అడిగినప్పుడే మారుతుంది. నేను పెద్ద పనుల్లో దాన్ని ఆపేసే ఉంచుతాను. చాటున ఉన్న గీతలను లెక్కగట్టడం భారమైన పని. బోల్టులు, రెయిలింగులు, గ్రేటింగు (కాలు మోపే ఇనుప జాలీ) అన్నీ ఉన్న ప్లాట్‌ఫారం మోడల్ అయితే పాత కంప్యూటర్ మీద ప్రతి చిన్న మార్పుకూ ఆగి ఎదురు చూడాలి. ముసాయిదా దశలో వ్యూకు కోర్స్ వ్యూ (ముతక బొమ్మ) పెట్టుకుంటే కొంత తేలిక. గ్రేటింగు కడ్డీలన్నింటినీ మోడల్ చేయకుండా ఒక పలకగా చూపి, షీటు మీద రకం రాసేయడం ఇంకా తేలిక, షీటు కూడా శుభ్రంగా ఉంటుంది.

శుభ్రత గురించే చెబుతున్నాను కాబట్టి: త్రీడీ నుంచి వచ్చిన షీట్లలో నేను ఎక్కువగా చూసే లోపం గీతలు ఎక్కువ కావడం. మోడల్‌లో ఉన్నది కదా అని అన్నీ కాగితం మీద పడేస్తారు. చాటున ఉన్న ప్రతి అంచూ చుక్కల గీతగా వస్తే ఆ వ్యూ చిక్కుపడిన నూలు కండెలా తయారవుతుంది. టెక్‌డ్రాలో చాటు గీతలు మొదట కనబడవు, కావాలంటే ఆ వ్యూకు మాత్రమే తెరవాలి. ఇది సరైన పద్ధతి. లోపల స్టిఫెనర్ (ప్లేటు వంగకుండా వేసే పట్టీ) ఎక్కడుందో చూపాలంటే చుక్కల గీతల కన్నా సెక్షన్ వ్యూ మేలు. కోత గీత పెట్టిన చోట లోపలిది హాచ్‌తో తేటగా కనబడుతుంది. వెల్డు వచ్చే మూలను డిటైల్ వ్యూలో పెద్దది చేసి చూపవచ్చు. ఏది చూపాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం డ్రాఫ్టరుదే. ఏ సాఫ్ట్‌వేరూ ఆ నిర్ణయం తీసుకోదు.

కటింగ్‌కు పంపే ఫైలు వేరే విషయం. సీఎన్‌సీ ప్లాస్మా, అంటే కంప్యూటర్ నడిపే కోత యంత్రం, ఉన్న చోట ప్లేటు కోయించాలంటే వాళ్ళకు షీటు అక్కర్లేదు. అసలు పరిమాణంలో, అంటే 1:1లో, ప్లేటు చుట్టు గీత ఒక్కటే డీఎక్స్ఎఫ్‌గా (క్యాడ్ ప్రోగ్రాంలు ఇచ్చిపుచ్చుకునే ఫైలు రకం) కావాలి. దీనికి డ్రాఫ్ట్ వర్క్‌బెంచ్‌లోని షేప్ టూడీ వ్యూ వాడతాను. ప్లేటు ముఖాన్ని కెమెరాకు ఎదురుగా తిప్పి ఆ ఆదేశం ఇస్తే చదును గీతలు వస్తాయి, వాటిని ఎంచుకుని డీఎక్స్ఎఫ్‌గా పంపేస్తే సరి. కొలతలు, టైటిల్ బ్లాకు, సెంటర్ లైన్లు ఏవీ ఆ ఫైలులో ఉండకూడదు. ఉంటే కోత యంత్రం వాటిని కూడా కోయబోతుంది. వంపులున్న పలుచని రేకు పనులకు షీట్‌మెటల్ అనే అదనపు వర్క్‌బెంచ్ దించుకోవచ్చు. అది వంచిన రేకును విప్పి చదును ఆకారం ఇస్తుంది. డక్టు పనుల్లో అది నాకు పెద్ద ఆసరా.

బరువు లెక్క కూడా త్రీడీ ఇచ్చే లాభమే. హాపర్ నాలుగు ప్లేట్లు కలిపి దాదాపు 3.02 చదరపు మీటర్లు. 6 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు 47.1 కిలోలు. అంటే ఫ్లాంజీలు కాక 142 కిలోలు. మాకు కూలి కిలో లెక్కన కడతారు కాబట్టి షీటు మూలన ఈ అంకె లేకపోతే షెడ్డు యజమాని కాగితం ముట్టడు.

లోపాలు. మొదటిది, షీటు మీద చేత్తో ఒక గీత గీద్దామంటే టెక్‌డ్రా చేయి బిగుసుకుపోతుంది. సెంటర్ లైన్లు, కాస్మెటిక్ గీతలు ఉన్నాయి గానీ ఆటోక్యాడ్‌లో ఉండే స్వేచ్ఛ లేదు. రెండోది, పెద్దది. మోడల్‌లో అంచుల సంఖ్య మారేలా మార్పు చేస్తే, ఉదాహరణకు ఒక మూల కత్తిరిస్తే, పాత కొలతలు తమ పట్టు వదిలేయవచ్చు, లేదా పక్క అంచును పట్టుకోవచ్చు. అంచులకు ఇచ్చే పేర్లు తారుమారయ్యే ఈ పాత జబ్బును 1.0లో చాలావరకు తగ్గించారు. మోడలింగ్‌లో ఆ తేడా నాకు బాగా తెలుస్తోంది. అయినా మార్పు తర్వాత షీటు మీది ప్రతి కొలతనూ వేలు పెట్టి చూడనిదే ప్రింటుకు పంపను. మూడోది, ఆటోక్యాడ్ సొంత రకమైన డీడబ్ల్యూజీ ఫైళ్ళు. వాటిని తెరవాలంటే మార్పిడి చేసే ప్రోగ్రాం విడిగా పెట్టుకోవాలి. మిల్లుల నుంచి వచ్చేవన్నీ డీడబ్ల్యూజీలే కాబట్టి నేను డీఎక్స్ఎఫ్‌గా పంపమని ముందే అడుగుతాను. నాలుగోది, నేర్చుకునే కష్టం. ఆటోక్యాడ్ అలవాటు ఉన్నవారికి కమాండ్ లైన్ లేకపోవడం, వర్క్‌బెంచ్‌లు మారుతూ ఉండడం మొదట్లో చికాకు పెడతాయి. ఆ కొత్తదనం పోవడానికి సమయం ఇవ్వాలి.

మా ఊళ్ళకు సరిపడే సుగుణాలు మూడు ఉన్నాయి. పని చేయడానికి ఇంటర్నెట్ అక్కర్లేదు. బిస్సంకటక్ అవతల సైటు గుడారంలో కూర్చుని కొలతలు మార్చినా ఏదీ ఆగదు. కరెంటు పోయినా ఆటోమేటిక్‌గా దాచిన ఫైలు తిరిగి దొరుకుతుంది. ఇక నాకు ఇష్టమైనది: షీటు మీద యూనికోడ్ లిపి చక్కగా పడుతుంది. కొలతలు అంకెల్లోనే ఉన్నా, "ఈ అంచుకు లోపల వెల్డింగ్", "బిగించాకే రంధ్రాలు కొట్టాలి" లాంటి సూచనలు ఇప్పుడు ఒడియాలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాస్తున్నాను. పేజీ నమూనాలు ఎస్‌వీజీ (గీతల బొమ్మల) ఫైళ్ళు కాబట్టి ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో తెరిచి టైటిల్ బ్లాక్‌ను మన భాషల్లో తయారు చేసుకోవచ్చు. గుణుపురం నుంచి వచ్చిన కుర్ర ఫిట్టర్ ఆ సూచనను ఒడియాలో చదువుకుని, నన్ను అడగకుండానే పని మొదలుపెట్టాడు. ఒక డ్రాయింగు చేయవలసిన పని అంతే కదా.

ఇళ్ళ ప్లాన్లు మాత్రమే గీసేవారికి ఇది ఎక్కువ. గోడలు, తలుపులు, వాస్తు గీతలు వేసి పంచాయతీకి ఇచ్చే పనికి లిబ్రేక్యాడ్ లాంటి తేలికపాటి టూడీ సాఫ్ట్‌వేర్ చాలు. అది కూడా ఉచితమే, పాత కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. వాలు ప్లేట్లు, పైపు జాయింట్లు, చదరం నుంచి గుండ్రానికి మారే డక్టులు ఉన్న పనైతే ఫ్రీక్యాడ్ తీసుకోండి. ముందు ఒక చిన్న హాపర్ మోడల్ చేసి, దాని ప్లేటు చదును బొమ్మ తీసి, అట్ట మీద అదే కొలతల్లో పదో వంతుకు కత్తిరించి అతికించి చూడండి. నాలుగు ముక్కలూ మూలల్లో సరిగ్గా కలిస్తే, ఆ షీటును షెడ్డుకు ఇవ్వవచ్చు.